పన్నెండు బొమ్మల తరువాత

పెళ్ళి పందిరిలో అందరి కంటా పడి, ఎవ్వరి మనస్సులోనూ నిలవని మనిషి ఒకడుంటాడు. అతడే ఫొటోలు తీసేవాడు. "ఒక్కసారి ఇటు చూడండి" అని అతడంటే పురోహితుడు సైతం మంత్రం ఆపి తల ఎత్తుతాడు. మాంగల్యధారణ వేళ వధువు కన్నతల్లి కంటె దగ్గరగా నిలిచేది అతడే. బంతి భోజనాలలో చిట్టచివరి వరుసలో, చల్లారిన వంటకాల ముందు కూర్చునేదీ అతడే. పదిమంది సంతోషాన్ని భద్రపరచే ఆ మనిషికి తన వంతు సంతోషం ఏ మేరకు దక్కుతున్నది?

ఒకనాడు ఇది ఆ వృత్తివారికి మాత్రమే సంబంధించిన ప్రశ్న. జేబులో ఫోను ఉన్న ప్రతివాడూ ఛాయాగ్రాహకుడైన ఈ రోజులలో ఇది అందరి ప్రశ్న అయినది.

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి జంషెడ్‌పూర్ నగరంలోని గోల్‌మురి తగిన చోటు. పండుగలకు అక్కడ కొదవ లేదు. 1920లో బర్మా ఆయిల్ కంపెనీ, టాటా ఉక్కు కంపెనీ కలిసి నెలకొల్పిన టిన్‌ప్లేట్ కంపెనీ ఈ పేటకు ప్రాణం పోసింది. ఉక్కు రేకుకు తగరపు పూత పూయడం ఆ కర్మాగారం పని. కిరసనాయిలు డబ్బా మొదలు నెయ్యి డబ్బా వరకు ఆ రేకుతో తయారైనవే. 2024లో ఆ కంపెనీ టాటా స్టీల్‌లో విలీనమైనది గాని, దాని చుట్టూ అల్లుకున్న జీవితం అలాగే ఉన్నది. పని వెదుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వచ్చిన తెలుగువారు, బీహారు నుండి వచ్చినవారు, బెంగాలీలు, ఒడియావారు, ఆ నేలకు మొదటి నుండీ చెందిన సంతాలులు, హోలు ఇరుగుపొరుగులై బ్రతికే ఊరు అది.

ఊరిలో పనితోపాటు వేడుకకూ చోటుండాలని దాని మూలపురుషుడు ముందే తలచాడు. కర్మాగారానికి ఇంకా పునాది పడని 1902లో జంషెట్‌జీ టాటా తన కుమారుడు దొరాబ్‌జీకి వ్రాసిన లేఖలో వెడల్పైన వీధులు, నీడనిచ్చే చెట్లు, పచ్చిక బయళ్ళు, ఆటస్థలాలు, అన్ని మతాలవారి ప్రార్థనా మందిరాలు ఉండేలా చూడవలసిందిగా కోరాడు. అందుకే అక్కడ క్యాలెండరులో ఏ పుట త్రిప్పినా ఏదో ఒక వాకిట ముగ్గో, ఏదో ఒక వీధిలో పందిరో కనిపిస్తుంది.

ఇటువంటి పేటలో కెమెరా మెడలో వేసుకుని తిరిగే యువకుడు ఒక్కడే ఉండడు. అటువంటివారిలో ఒకనిని పాఠకులు తమ మనస్సులో ఊహించుకోవచ్చు. వయస్సు ఇరవై అయిదు. తాత టిన్‌ప్లేటు కార్మికుడు. తండ్రి చిన్న ఉద్యోగి. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, స్నేహితుల నడుమ సగం బెంగాలీ. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీయడం జీవనోపాధి. పండుగలకు ఫొటోలు తీయడం సరదా.

అతని సంవత్సరం భోగిమంటతో మొదలవుతుంది. తెల్లవారుజామున చలి కొరికేస్తూ ఉండగా వీధి మొగలో పాత తట్టలు, విరిగిన కుర్చీలు అంటుకుంటాయి. మరునాడు మకర సంక్రాంతి. ఆ రోజే ఆ ప్రాంతంవారికి టుసు పండుగ. రంగు కాగితాలతో కట్టిన చౌడళ్ళను ఎత్తుకుని, పాటలు పాడుతూ స్త్రీలు సువర్ణరేఖ ఒడ్డుకు సాగుతారు. మార్చి 3న జంషెట్‌జీ జయంతి. 1958లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన జూబ్లీ పార్కు ఆ దినాలలో దీపకాంతులతో వెలుగుతుంది. తరువాత బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరంలో సీతారామ కల్యాణం, పానకం, వడపప్పు. సెప్టెంబరులో యంత్రాలకు బొట్టు పెట్టే విశ్వకర్మ పూజ. ఆపై దుర్గాపూజ పందిళ్ళు, దీపావళి, ఆరవనాడు ఛట్ పూజ. చలికాలం రాగానే స్నేహితులతో డిమ్నా సరస్సు గట్టున వనభోజనం.

వీటిలో ఏ ఒక్కదానికీ అతడు దూరం కాడు. అన్నిటికీ పిలుపు వస్తుంది. "నువ్వు రాకపోతే ఎలా? కెమెరా మరచిపోకు" అంటారు మిత్రులు. ఆ రెండు మాటలు ఎల్లప్పుడూ జంటగానే వస్తాయి. మొదట్లో అది అతనికి గర్వంగానే ఉండేది.

చెల్లెలి పెళ్ళి జరిగింది. పరాయివారిని పిలవనేల అని మొత్తం ఫొటోలు తానే తీశాడు. పనితనంలో లోపం లేదు. తలంబ్రాల వేళ గాలిలో నిలిచిన బియ్యపు గింజలు, అప్పగింతలప్పుడు తండ్రి పెదవి వణుకు, అన్నీ చక్కగా వచ్చాయి. నెల తిరిగిన తరువాత ఆల్బం ఇంటికి వచ్చింది. తల్లి కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్క పుటనూ వేలితో తడుముతూ చివరి అట్టదాకా చూసింది. మళ్ళీ మొదటికి వచ్చింది.

"ఇన్ని బొమ్మలున్నాయి గదా, నువ్వెక్కడున్నావురా నాయనా?" అని అడిగింది.

అతడు నవ్వేశాడు. కాని ఆమె రెండవ ప్రశ్నకు నవ్వలేకపోయాడు. అప్పగింతలప్పుడు మీ నాన్నమ్మ పాడిన పాట గుర్తున్నదా అని అడిగిందామె. నాన్నమ్మ నోరు తెరచి పాడుతున్న ఫొటో ఆల్బంలో ఉన్నది. ఆమె కంటి క్రింది ముడుతలు సైతం అతనికి జ్ఞాపకమున్నాయి. పాట మాత్రం ఒక్క పాదమైనా చెవిలో లేదు.

ఇది మతిమరుపు కాదు. ఈ విషయాన్ని మనస్తత్వశాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకంగా పరిశీలించారు. అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లిండా హెంకెల్ విద్యార్థులను ఒక మ్యూజియంలో త్రిప్పి, కొన్ని వస్తువులను ఊరక చూడమనీ, కొన్నిటిని ఫొటో తీయమనీ చెప్పింది. 2014లో ప్రచురితమైన ఆ పరిశోధన ప్రకారం, మరునాటికి ఫొటో తీసిన వస్తువులే వారికి తక్కువగా జ్ఞాపకమున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని మనస్సు ఆ భారాన్ని దించుకున్నదన్నమాట. అయితే వస్తువులో ఏదో ఒక భాగాన్ని దగ్గరకు తెచ్చుకుని ఏకాగ్రతతో తీసినప్పుడు మరుపు అంతగా కనబడలేదు.

దీనినిబట్టి కెమెరా ఆనందానికి శత్రువు అని తీర్పు చెప్పడం తొందరపాటే అవుతుంది. 2016లో క్రిస్టిన్ డీల్, గాల్ జౌబర్మన్, అలిగ్జాండ్రా బరాష్ అనే ముగ్గురు పరిశోధకులు రెండువేల మందికి పైగా జనంతో జరిపిన తొమ్మిది ప్రయోగాల ఫలితాలను ప్రకటించారు. బస్సులో ఊరు చూడడం, భోజనశాలలో తినడం వంటి సందర్భాలలో ఫొటోలు తీసినవారే ఎక్కువ ఆనందం పొందినట్లు తేలింది. ఏది తీయాలా అని వెదకడంలో కన్ను పదునెక్కుతుంది, మనిషి ఆ అనుభవంలో మరింత లీనమవుతాడు. కాని తానే చేతులారా ఏదైనా చేస్తూ అందులో మునిగి ఉన్నవానికి కెమెరా అదనంగా ఇచ్చేదేమీ లేదు. ముగ్గు వేసేవారికి, ఢోలు వాయించేవారికి కెమెరా అక్కరలేదని ఈ మాటకు అర్థం చెప్పుకోవచ్చు.

ఈ ముగ్గురూ మరొక సహచరునితో కలిసి 2017లో వెల్లడించిన ఫలితం గోల్‌మురి యువకుని సందేహానికి సూటిగా జవాబు చెబుతుంది. ఫొటోలు తీసినవారికి చూసినది బాగా జ్ఞాపకమున్నది, విన్నది తక్కువగా జ్ఞాపకమున్నది. కెమెరా కంటికి ఇచ్చినది చెవి నుండి తీసుకుంటుంది. నాన్నమ్మ ముఖం మిగిలి, పాట జారిపోవడానికి కారణమిదే.

పండుగలకు సంబంధించిన మరొక విశేషం ఉన్నది. ఫొటోలను పదిమందికి చూపడానికి తీసేవారు, తమ కోసం దాచుకోవడానికి తీసేవారికంటె తక్కువ ఆనందం పొందుతున్నట్లు బరాష్ బృందం 2018లో తెలిపింది. క్రిస్మస్ వేడుకలలో ఫొటోలు తీసిన విద్యార్థులు కూడా ఈ పరిశీలనలో ఉన్నారు. నలుగురూ ఏమనుకుంటారో అన్న ధ్యాస పండుగలో పాల్గొన్న మనిషిని పండుగ నుండి వేరు చేస్తుంది.

మరి వెనుకటి తరంవారు ఈ చిక్కు నుండి ఎలా బయటపడ్డారు? వారి గొప్పతనమేమీ లేదు, ఫిలిం చుట్ట వారిని కాపాడింది. 1960, 1970 దశకాలలో మధ్యతరగతి ఇళ్ళలో అపురూపంగా కనిపించిన అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో ఒక చుట్టకు వచ్చేవి పన్నెండే బొమ్మలు. ఫిలిం ఖర్చు, కడిగించే ఖర్చు, ముద్రించే ఖర్చు తలచుకుని పెద్దలు ఒక్కొక్క మీట నొక్కడానికి ముహూర్తం చూసేవారు. వరుసగా అందరినీ నిలబెట్టి, జుట్టు సవరించి, పిల్లవాని ముక్కు తుడిచి ఒకటి తీసేవారు. పన్నెండవది అయిపోగానే కెమెరా తోలు సంచిలోకి పోయేది. అటుపైన తీసినవాడు కూడా అందరివలె అతిథే. విస్తరి ముందు కూర్చునేవాడు, పేకాటలో చేయి వేసేవాడు, పాట వినేవాడు.

తరువాత ఆ బొమ్మలకు మరొక ప్రయాణం ఉండేది. ఒక ప్రతి ఇంటి గోడకు, మరొకటి కవరులో శ్రీకాకుళం వైపు ఏదో పల్లెకు. మనుమని ముఖం ఎరుగని అవ్వ ఆ కాగితాన్ని ముద్దాడి దేవుని పటం ప్రక్కన నిలిపేది. ఒక్క బొమ్మ రెండు ఊళ్ళను కలిపేది. వందల బొమ్మలు క్షణంలో చేరే ఈ కాలంలో ఏ ఒక్కటీ దేవుని పటం దాకా పోవడం లేదు.

నేటి కెమెరాకు పన్నెండవ బొమ్మ లేదు. అది అయిపోదు, అలసిపోదు, ఇక చాలు అనదు. చాలు అనే మాట చేతిలో పట్టుకున్నవాడే అనవలసి ఉన్నది.

గోల్‌మురి యువకుడు చివరకు ఆ పని చేశాడు. డబ్బు తీసుకున్న పెళ్ళిళ్ళలో నియమం మార్చలేదు. అక్కడ వృత్తిధర్మమే ముఖ్యం. కాని తనవారి వేడుకలలో తాతల లెక్కను మళ్ళీ పెట్టుకున్నాడు. పన్నెండు బొమ్మలు, అంతే. లెక్క ఉన్నందువల్ల ప్రతి బొమ్మకూ ముందు ఆగి చూడడం అలవాటైనది. ఎవరి ముఖంలో వెలుగు ఉన్నది, ఎవరు దూరంగా కూర్చున్నారు అని గమనించే తీరిక దొరికింది. పన్నెండూ అయిన తరువాత కెమెరాను సంచిలో పెట్టి మెడ తేలికపడినట్లు ఒకసారి భుజాలు కదిలిస్తాడు.

మొదటిసారి మిత్రులు ఆశ్చర్యపోయారు. డిమ్నా గట్టున వనభోజనంలో అతనిచేత ఉల్లిపాయలు తరిగించారు. మరమరాలలో ఆవనూనె కలిపి పొట్లాలు కట్టే పని అప్పగించారు. సరస్సు ఆవల దల్మా కొండల మీద పొద్దు వాలుతుండగా బెంగాలీ మిత్రుడు గొంతెత్తాడు. ఇన్నేళ్ళ స్నేహంలో అతడింత బాగా పాడతాడని ఈ యువకునికి తెలియనే తెలియదు. ఇంతకాలం అతని పాటలను ఫొటోలు తీశాడు గాని వినలేదు.

మరుసటి సంవత్సరం భోగి వచ్చింది. మంట చుట్టూ వీధి వీధంతా చేరింది. తెల్లవారేలోగా పన్నెండు బొమ్మలూ పూర్తయ్యాయి. కెమెరా అరుగు మీద పెట్టి అతడు నాన్నమ్మ ప్రక్కన చలి కాచుకుంటూ కూర్చున్నాడు. "అప్పగింతల పాట మళ్ళీ ఒకసారి పాడవే నాన్నమ్మా" అని అడిగాడు. "ఇప్పుడెవరి అప్పగింతలురా?" అని ఆమె మందలించింది. మందలిస్తూనే సన్నగా అందుకున్నది. ఈసారి అతడు కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

ఆ సమయంలో పిన్నిగారి పదేళ్ళ పిల్ల అరుగు మీది కెమెరా ఎత్తి ఒక మీట నొక్కింది. బొమ్మ వంకరగా వచ్చింది. నాన్నమ్మ నెత్తిమీది ముసుగు సగం కోసుకుపోయింది. మంట వెలుగు ఒక మూల తెల్లగా అలుముకున్నది. పనితనం తెలిసినవాడెవడూ దానిని దాచుకోడు.

ఆ ఇంటి గోడ మీద చెల్లెలి పెళ్ళి ఫొటో ప్రక్కన ఇప్పుడు ఉన్నది ఆ పదమూడవ బొమ్మే. అందులో కొడుకు ఉన్నాడు గనుక తల్లి దానికి చట్రం కట్టించింది.