పంప్‌కిన్ స్పైస్‌లో గుమ్మడికాయ ఎంత?

మనవాళ్లకి ‘ఫాల్’ అనగానే గుర్తొచ్చేది ఇన్‌టేక్. ఐ-20, వీసా స్లాట్, ఇరవై మూడేసి కేజీల రెండు పెట్టెలు. ఆ పెట్టెల్లో కారప్పొడి, ఆవకాయ కుక్కుకుని ఆగస్టులో అమెరికాలో దిగాక గానీ ఆ మాటకి అసలు అర్థం తెలీదు. ఫాల్ అంటే ఆకులు రాలే కాలం. ఇంకాస్త నిజం చెప్పాలంటే, ఒక్క ఆకూ రాలకముందే సూపర్ మార్కెట్ అరలన్నీ నారింజ రంగులోకి మారిపోయే కాలం.

నేనుండే డాలస్ వైపు ఆగస్టు చివర్లో ఎండ మన రెంటచింతలకి పోటీ వస్తుంది. ఏసీ ఆపితే చచ్చామే. అయినా స్టోర్ గుమ్మంలోనే ‘పంప్‌కిన్ స్పైస్’ బోర్డు. కాఫీ, టీ, బిస్కెట్లు, పెరుగు, ఓట్స్, కొవ్వొత్తులు, ఆఖరికి కుక్కలకి పెట్టే బిస్కెట్లు కూడా. 2019లో స్పామ్ వాళ్లు డబ్బా మాంసానికి కూడా ఈ ఫ్లేవర్ వేసి ఆన్‌లైన్లో అమ్మారు. ఎవరు కొంటారు అనుకుంటాం కదా? చూస్తుండగానే అయిపోయింది.

కాఫీ షాపులో ఒక్కో కప్పుకి ఆరేడు డాలర్లు పెట్టడం స్టూడెంట్ బతుక్కి పడదు. అందుకే అందరం ఆ షాపు దాటి గ్రోసరీ అరకి వెళ్తాం: బాటిల్ కొనుక్కుంటే నెలంతా ఇంట్లోనే తాగొచ్చని. ఆ లెక్క ఎంతవరకు నిజమో చూద్దామని రెండు వీకెండ్లు మా అపార్ట్‌మెంట్లో నలుగురం కూర్చున్నాం. ఒకటే రూల్: నోట్లో పెట్టుకునే ముందు వెనకాల లేబుల్ చదవాలి. ఏ కంపెనీదో చెప్పను. అరలో పక్కపక్కనే ఉన్న నాలుగు బాటిళ్లు తిప్పి చూస్తే నాలుగింటి వెనకాలా దాదాపు ఒకటే కథ.

ముందు అసలు ఇదేంటో తేల్చుకుందాం. పంప్‌కిన్ స్పైస్ అంటే గుమ్మడికాయ రుచి కాదు. గుమ్మడికాయతో చేసే ‘పై’లో వేసే మసాలా. దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం, ఆల్‌స్పైస్. ఈ ఆఖరిది పేరు చూసి అన్ని మసాలాల మిక్స్ అనుకోకండి, జమైకా వైపు పెరిగే ఒక చెట్టు కాయ. చూడ్డానికి మిరియంలా ఉంటుంది, నలిపితే లవంగం, దాల్చినచెక్క, జాజికాయ మూడూ ఒకేసారి వాసనొస్తాయి. మన పోపుల పెట్టెలో లేనిది అదొక్కటే. 1796లో అమీలియా సిమన్స్ అనే ఆవిడ అచ్చు వేయించిన ‘అమెరికన్ కుకరీ’ పుస్తకంలోనే గుమ్మడికాయ పుడ్డింగ్‌కి జాపత్రి, జాజికాయ, అల్లం వేయమని ఉంది. మెకార్మిక్ కంపెనీ 1934లో ఈ మసాలాలన్నీ కలిపి ఒకే డబ్బాలో పెట్టింది. సాంబార్ పొడి ప్యాకెట్ లాగానే అన్నమాట: గుమ్మడికాయ మీ ఇంట్లో ఉంటుంది, పొడి మేం ఇస్తాం అని.

అక్కణ్నుంచి గుమ్మడికాయ ఎప్పుడు తప్పుకుందంటే, 2003లో. సియాటిల్‌లో స్టార్‌బక్స్ టీమ్ ఒకటి పీటర్ డ్యూక్స్ అనే ఆయన ఆధ్వర్యంలో కూర్చుని, ఒక ముక్క పై తిని, ఒక గుటక ఎస్ప్రెసో తాగి, ఏ రుచి ఎంత ఉండాలో తేల్చింది. ఆ ఏడాది వాంకూవర్, వాషింగ్టన్ డీసీల్లో అమ్మి చూసి, మరుసటి ఏడు దేశమంతా దింపారు. పంప్‌కిన్ స్పైస్ లాటే, ముద్దుగా పీఎస్ఎల్. అందులో అసలు గుమ్మడికాయే లేదని జనం గోల చేశాక 2015లో కాస్త గుమ్మడి గుజ్జు కలిపారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం మన సామెత. ఇక్కడ పన్నెండేళ్లు భుజం మీద గుమ్మడికాయే లేదు.

ఇక మా టెస్ట్. అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేది, అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడుకోవాల్సింది క్రీమర్.

క్రీమర్ అంటే పాలు అనుకుంటారు కొత్తగా వచ్చినవాళ్లు. వెనకాల చూడండి. అమెరికాలో లేబుల్ మీద పదార్థాలు బరువు ప్రకారం రాయాలి, ఎక్కువున్నది ముందు. మేం కొన్నదాంట్లో మొదట నీళ్లు, తర్వాత చక్కెర, ఆ తర్వాత నూనె. మసాలాల పేర్లు ఎక్కడా లేవు, ‘నేచురల్ అండ్ ఆర్టిఫిషియల్ ఫ్లేవర్స్’ అని ఒక ముక్క అంతే. గుమ్మడికాయ సంగతి అడక్కండి. మామూలుగా ఇలాంటి వాటిలో ఒక సర్వింగ్‌కి 5 గ్రాముల చక్కెర అని రాస్తారు. పర్లేదే అనిపిస్తుంది. కానీ సర్వింగ్ అంటే ఒక టేబుల్ స్పూను, 15 మిల్లీలీటర్లు. 946 మిల్లీల బాటిల్లో అలాంటివి 63 వస్తాయని వాళ్ల లెక్క.

మా వాడొకడు రోజూ పోసుకున్నట్టే పోసుకోమని, కప్పు కింద కొలత పెట్టాం. నాలుగు స్పూన్లు. అంటే 20 గ్రాములు, చిన్న చెంచాతో ఐదు చెంచాల పంచదార. ఇంటి దగ్గర అమ్మ కాఫీలో ఐదు చెంచాలు వేసి ఇస్తే ఒక్క గుటకకే కప్పు పక్కన పెట్టేస్తాం. ఇక్కడ మాత్రం పొద్దున ఒకటి, నైట్ అసైన్‌మెంట్ టైమ్‌లో ఒకటి. రెండు కప్పులకి 40 గ్రాములు. లేబుళ్ల మీద రోజుకి 100 శాతం అని చూపించే యాడెడ్ షుగర్ 50 గ్రాములు. ఇంకా అన్నం కూడా తినలేదు గురూ. డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే ఇన్సూరెన్స్ కాగితాలు నాలుగుసార్లు చదువుకునే దేశంలో, ఇళ్లల్లో అమ్మానాన్నలకి షుగర్ ఉన్న మనం పట్టించుకోవాల్సిన అంకె ఇదే. డబ్బు సంగతి సరే, మిగులుతుంది.

రుచి? మొదటి గుటక బాగుంది. రెండోదానికి వెనీలా. మూడోదానికి కాఫీ ఎక్కడుందో వెతుక్కోవాలి. నేను ఒకే ఒక్క స్పూను, చికోరీ ఉన్న మన ఫిల్టర్ డికాక్షన్‌లో, మామూలు పాలతో వేసుకుని చూశాను. అప్పుడు బాగుంది. డికాక్షన్ చేదుకి కాస్త దమ్ము ఉంది కాబట్టి తీపిని అణిచింది.

తర్వాత అట్టపెట్టెలో వచ్చే పంప్‌కిన్ స్పైస్ చాయ్ కాన్సన్‌ట్రేట్. ఒక వంతు ఇది, ఒక వంతు పాలు కలిపి వేడి చేయమంటారు. వాళ్లు చెప్పినట్టు చేస్తే పెళ్లిళ్లలో పానకంలా వచ్చింది. మాలో ఒకడు గుటక వేసి, “మామా, టీలో బిర్యానీ కలిపార్రా” అన్నాడు. అందరం నవ్వాం గానీ వాడన్నది నూటికి నూరుపాళ్లు కరెక్ట్.

ఆలోచించండి. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకి ఈ వాసన అంటే నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ రోజు ఓవెన్ తలుపు తీసినప్పుడు వచ్చే వాసన. మనకి అదే వాసన ఆదివారం మధ్యాహ్నం మూత తీసిన బిర్యానీ గిన్నెది. మన నాలుక ఈ మసాలాల్ని ఉప్పూకారాల లెక్కలో వేసుకుని కూర్చుంది. తీపి అంటే మనకి యాలకులు. పరమాన్నం నుంచి బొబ్బట్టు పూర్ణం దాకా, ఆ వాసన లేకపోతే ఏదో మర్చిపోయినట్టే ఉంటుంది. ఈ పంప్‌కిన్ స్పైస్‌లో లేనిది సరిగ్గా అదే. మొదటిసారి తాగిన తెలుగువాళ్లు మొహం అదోలా పెట్టి “బాగానే ఉంది... కానీ” అంటారు చూడండి, ఆ ‘కానీ’ దగ్గర ఆగిపోయేది యాలక్కాయే అని నా అనుమానం. అనుమానం తీర్చుకోడానికి రెండు యాలకులు దంచి, విడిగా చిక్కటి టీ కాచి, అందులో ఈ కాన్సన్‌ట్రేట్ పావు వంతు మాత్రమే పోశాం. నాలుగు కప్పులూ ఖాళీ. ఒక పెట్టె రెండు వారాలు వచ్చింది.

క్రీమ్ మధ్యలో పెట్టిన బిస్కెట్లు, పెరుగు పూత పూసిన ప్రెట్జెల్స్, గ్రానోలా గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దాల్చినచెక్క పంచదార, అంతే. ప్రెట్జెల్స్ ఉప్పు వల్ల కాస్త నయం. క్యాన్‌లో వచ్చే కోల్డ్ బ్రూ చల్లగా ఉన్నంతసేపు ఓకే, డాలస్ ఎండకి అదే దిక్కు. వెజిటేరియన్లు మాత్రం ఒకటి చూసుకోండి. పంప్‌కిన్ స్పైస్ మార్ష్‌మాలోలు ముద్దుగా గుమ్మడికాయ షేపులో ఉంటాయి, కానీ మామూలుగా మార్ష్‌మాలో అంటే జెలటిన్. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. కొన్ని కప్పు పెరుగుల్లో కూడా ఉంటుంది. అలాగే ‘నాన్ డైరీ’ అని రాసిన క్రీమర్‌లో కేసినేట్ ఉండొచ్చు, అది పాల నుంచి వచ్చేదే. వీగన్ ఫ్రెండ్‌కి ఇచ్చే ముందు ఆ మాట వెతకండి.

మా రెండు వీకెండ్లలో ఏకగ్రీవంగా గెలిచింది మాత్రం వంట సామాన్ల అరలో ఎవరూ చూడని వస్తువు. గుమ్మడి గుజ్జు డబ్బా. పదార్థాల జాబితాలో ఒకే ఒక్క మాట ఉంటుంది: పంప్‌కిన్. 15 ఔన్సులు, అంటే 425 గ్రాములు. స్పైస్ కేక్ మిక్స్ ప్యాకెట్ ఒకటి కొని, అందులో ఈ డబ్బా మొత్తం కలిపి ఓవెన్‌లో పెడితే చాలు. గుడ్డు అక్కర్లేదు, నూనె అక్కర్లేదు, కేక్ వచ్చేస్తుంది. అమెరికాలో అందరికీ తెలిసిన చిట్కానే, కానీ గుడ్డు తినని మనవాళ్లకి ఇది వరం. కాస్త తడిగా, బరువుగా వస్తుంది, మర్నాటికి ఇంకా బాగుంటుంది. మసాలా ఓవెన్ వేడికి మగ్గడం వల్లో, నిజం గుమ్మడికాయ ఉండడం వల్లో, ఈ ఒక్కదాంట్లోనే ఆ వాసన ఎందుకంత ఇష్టమో వాళ్లకి, అర్థమైంది.

డబ్బా కొనేటప్పుడు జాగ్రత్త. పక్కనే అదే రంగులో, అదే సైజులో ‘పంప్‌కిన్ పై మిక్స్’ అని ఇంకోటి ఉంటుంది. అందులో చక్కెర, మసాలాలు ముందే కలిపేసి ఉంటాయి. మా రూమ్మేట్ ఒకడు అమ్మ మీద బెంగతో గుమ్మడికాయ పులుసు పెడదామని అది తెచ్చి, చింతపండు పిసికి, తాలింపు కూడా వేశాడు. ఆ రాత్రి అందరం పిజ్జా తిన్నాం.

అసలు పులుసుకి డబ్బా ఏదైనా పనికిరాదు, ముక్క కావాలి కదా. అలాగని హాలోవీన్‌కి మొహాలు చెక్కే పెద్ద గుమ్మడికాయలు తేకండి, నీళ్లు, పీచు తప్ప రుచి ఉండదు. బటర్‌నట్ స్క్వాష్ తెచ్చుకోండి, చెక్కు తీసి ముక్కలు కోస్తే మన తీపి గుమ్మడికాయకి బాగా దగ్గర. ఇంకో తమాషా ఏంటంటే, ఇల్లినాయ్‌లోని మార్టన్ ఊళ్లో లిబ్బీస్ వాళ్లు డబ్బాలకెత్తే డికిన్సన్ రకం గుమ్మడి కూడా ఈ బటర్‌నట్‌కి దగ్గర చుట్టమే, బయట పెట్టే నారింజ రంగు కాయలకి కాదు. దేశమంతా గుమ్మడి పేరు మోగిపోయే ఇదే సీజన్లో, పార్కుల్లో బతుకమ్మ ఆడే మన అక్కలు గుమ్మడి పూల కోసం మాత్రం వాట్సాప్ గ్రూపులన్నీ గాలిస్తూనే ఉంటారు.

మసాలా పొడి కోసం విడిగా డబ్బా కొనక్కర్లేదు. పెద్ద చెంచాతో మూడు దాల్చినచెక్క పొడి, చిన్న చెంచాతో రెండు శొంఠి, రెండు జాజికాయ, ఒకటిన్నర లవంగం. ఆల్‌స్పైస్ ఉండాల్సిన చోట నేను ఒకటిన్నర చెంచా యాలకుల పొడి వేస్తున్నాను. ఇండియన్ స్టోర్లో విడిగా కొంటే అన్నీ చవకే. కాఫీకైతే పావు చెంచాకి మించొద్దు, గొంతు పట్టేస్తుంది. పొడి పాలల్లో కరగదు, అడుగున మిగులుతుంది. అందుకని పాలు కాచేటప్పుడే వేసి వడకట్టుకోండి. చక్కెర ఎంతన్నది ఇక మీ చేతిలో పని.

నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. అది దాటగానే ఆ అరలో నారింజ రంగు మాయమై, ఎరుపూ తెలుపూ చారల పెప్పర్‌మింట్ వచ్చి కూర్చుంటుంది. సినిమావాళ్ల భాషలో చెప్పాలంటే గుమ్మడికాయ కొట్టేస్తారు. మిగిలిన సరుకంతా క్లియరెన్స్ బుట్టలోకి వస్తుంది. క్రీమర్ బాటిళ్లకి ఆశపడొద్దు, తేదీ దగ్గర పడి ఉంటుంది. గుజ్జు డబ్బాలు చూడండి, వాటి మీద తేదీ చాలా దూరం ఉంటుంది. పోయినసారి అలా తెచ్చిన మూడు డబ్బాల్లో ఒకటి నెయ్యి, బెల్లం, జీడిపప్పుతో హల్వా అయింది. రెండోది సంక్రాంతికని దాచాం. మూడోది ఇంటి ఓనర్ ఆంటీకి ఇస్తే, పై చేసి సగం మాకే తెచ్చిచ్చింది.