అడగాల్సింది ఓటుకు ముందు

2023 సెప్టెంబరు చివర్లో, దేశమంతా ఓటేసే రోజుకు ఇంకా మూడు వారాలు ఉండగానే, ఆస్ట్రేలియా ఎన్నికల సిబ్బంది మారుమూల ఊళ్లకు బయల్దేరారు. చిన్న విమానాలు, హెలికాప్టర్లు, పడవలు, జీపులు. ఊళ్లో దిగడం, ఓట్లు వేయించుకోవడం, మరో ఊరికి పోవడం. ఓటు కాగితంపై గడిలో ‘యస్’ అనో ‘నో’ అనో ఇంగ్లిషులో రాయాలి. ఇంట్లో మురిన్‌పథా భాష మాట్లాడుకునే వడేయ్ అనే మారుమూల ఊరి వాసులకూ అదే నియమం.

ఆదివాసుల విషయాల్లో పార్లమెంటుకు, ప్రభుత్వానికి సలహాలిచ్చే ‘వాయిస్’ అనే సంఘానికి రాజ్యాంగంలో చోటివ్వాలా వద్దా అన్నది ప్రశ్న. అక్టోబరు 14న దాదాపు 60 శాతం మంది వద్దన్నారు. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటీ ఒప్పుకోలేదు.

ప్రచారంలో అందరి నోటా మారుమూల పల్లెల పేరే. వాయిస్ వస్తే రాజధాని కాన్‌బెర్రాలో మరో అధికార గణం తయారవుతుందే తప్ప పల్లెకు ఒరిగేదేమీ లేదన్నారు సెనేటర్ జెసింటా నంపిజిన్‌పా ప్రైస్. పల్లెల గోడు పైదాకా చేరాలంటే ఇదే దారి అన్నారు లింగియారి ఎంపీ మారియన్ స్క్రిమ్‌గౌర్. ఇద్దరూ ఆదివాసి మహిళలే, ఇద్దరిదీ నార్తర్న్ టెరిటరీయే. ఆ లింగియారి నియోజకవర్గం రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి దాదాపు ఐదింతలు. మరి ఆ పల్లెల మాటేమిటి? లెక్కింపు అయ్యాకే దేశానికి తెలిసింది. వడేయ్‌లో ‘యస్’ సుమారు 92 శాతం, తివీ దీవుల్లో 84. అక్కడ ఓటేయని వాళ్లూ ఎక్కువే కాబట్టి అది ఊరందరి మాట అనేయలేం. అయినా ‘పల్లెలకు ఇది అక్కర్లేదు’ అన్న వాదన మాత్రం నిలవలేదు.

వినకపోతే ఏమవుతుందో ఆ టెరిటరీకి తెలుసు. పిల్లలపై అఘాయిత్యాల గురించి రెక్స్ వైల్డ్, పాట్ ఆండర్సన్ ఇచ్చిన నివేదిక 2007 జూన్‌లో బయటికొచ్చింది. ముందు ఆదివాసులతో మనసువిప్పి సంప్రదించండి అన్నది అందులో మొట్టమొదటి సిఫారసులోనే ఉంది. అప్పటి ప్రధాని హోవార్డ్ ప్రభుత్వం వారం తిరక్కుండానే ఆ పల్లెలకు సైనికుల్ని పంపుతున్నట్టు ప్రకటించింది. జాతి వివక్ష నిషేధ చట్టాన్ని పక్కన పెట్టి, అక్కడివాళ్ల సంక్షేమ భత్యంలో సగం ఎలా ఖర్చుపెట్టాలో తానే నిర్ణయించింది.

అదే పాట్ ఆండర్సన్ తర్వాత రెఫరెండం మండలికి సహాధ్యక్షురాలయ్యారు. 12 చోట్ల ఆదివాసులతో చర్చలు జరిపించారు. 2017 మేలో ఉలూరు దగ్గర సుమారు 250 మంది ప్రతినిధులు కలిసి వాయిస్ కావాలని కోరారు. వినడమంటే అదీ. తీరా ఓటు దగ్గరికొచ్చేసరికి ఆరేళ్లు గడిచాయి. ఈలోగా ‘తెలియకపోతే నో అనండి’ అన్న నినాదానికి దారి సుగమమైంది.

మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు కూడా తప్పనిసరిగా ఓటేయాల్సిందే. వాళ్ల ఇంటికీ ఎన్నికల సంఘం పంపిన కరపత్రం చేరింది. అందులోని రెండు వాదనలూ ఎంపీలు ఖరారు చేసినవే! విషయం ఎవరిదో వాళ్లకు ఒక్క పేజీ దక్కలేదు. ఇకముందు అలాంటి ఓటు వస్తే, దుబాసీలను వెంటబెట్టుకుని పల్లెల్లో సభలు పెట్టి, అక్కడివాళ్లు ఔనన్నా కాదన్నా ఆ మాటల్ని అదే కరపత్రంలో అచ్చువేయాలి. దానికి రాజ్యాంగం మార్చక్కర్లేదు, పార్లమెంటు ఒక చట్టాన్ని సవరిస్తే చాలు.