కటికి దారి ఎవరిది?

బొర్రా నుంచి జీపులో వెళ్లి, చివర కాస్త దూరం అడవిలో నడిస్తే కటికి జలపాతం. టూరిస్టుకి అది ట్రెక్కింగ్. మనకి పశువులు తోలే దారి, కట్టెలు తెచ్చే దారి. రానివ్వండి, బొంగు చికెన్ తిననివ్వండి, తప్పులేదు. కానీ రేపెవరో ఆ దారికి గేటు కట్టి టికెట్ పెడితే?

ఈ బొర్రా కొండల గనుల లీజుల మీదే 1997లో సమత తీర్పు వచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని. సామూహిక అడవిని కాపాడుకుని నిర్వహించుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! గేటు పడ్డాక ధర్నా చేసేకంటే, ఇప్పుడే గ్రామసభ పెట్టి సామూహిక హక్కుల క్లెయిమ్ వేయండి. జలపాతం చూడ్డానికి వచ్చినోళ్లు అతిథులు. ఇంటోళ్లం మనం. జై ఆదివాసీ!