కొడుకు సంగతి వచ్చేసరికి తలుపెందుకు వేసుకుంటాం?

మా ఆత్రేయపురంలో మధ్యాహ్నంపూట ఏ వీధిలోకి వెళ్ళినా కుండ మీద పూతరేకులు తీస్తున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. చేతులకే పని, నోటికి కాదు. ఎవరింటి సంగతైనా సరే పొయ్యి ఆరేలోగా వీధి చివరకు చేరిపోతుంది. అందుకేనేమో, ఇంటి గుట్టు దాచుకోవడం మాకందరికీ చిన్నప్పుడే అబ్బేస్తుంది.

అలా దాచడంవల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. మా వదినా, ఆవిడ కొడుకూ చదివి 'సరే, పంపించండి' అన్నాకే పంపిస్తున్నాను. వాడి పేరు మాత్రం మార్చాను. బాబీ అనుకుందాం.

మూడేళ్ళ కిందటి దసరా సెలవులు. బాబీ అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లాడు. సెలవులకొచ్చి పొద్దెక్కేదాకా పడుకోవడం, పలకరిస్తే కసురుకోవడం చూసి 'చదువు ఒత్తిడి' అనుకున్నాం. ఒకరోజు వదిన కొంగులో చుట్టుకుని ఓ చిన్న పొట్లం పట్టుకొచ్చింది. 

"వాడి ప్యాంటు జేబులో దొరికింది. ఇదేవిటో చూడమ్మా" అంది.

గంజాయి. వాసన చూడగానే ఇద్దరికీ అర్థమైంది. అప్పుడు నేనేమన్నానో తెలుసా? "ఎవరితోనూ అనకండి వదినా. పాప సంబంధం ఖాయమయ్యేదాకా అన్నయ్యగారికి కూడా తెలియనివ్వకండి." కథల్లో ఆడవాళ్ళకి ధైర్యం నూరిపోసే నేను, ఇంట్లో ఇచ్చిన సలహా అది.

వదిన వాడిచేత ఒట్టు వేయించుకుని హాస్టల్‌కి పంపేసింది. పిల్లలు ఒట్టు వేసేటప్పుడు నిజంగానే వేస్తారు. నిలబెట్టుకునే శక్తే వాళ్ళ దగ్గర లేదన్న సంగతి మాకు అప్పటికి తెలీదు. సంక్రాంతికి వాడి అక్క చెవిదిద్దులు కనిపించలేదు. వేసవి వచ్చేసరికి వాడు గదిలోంచి బయటకు రావడం మానేశాడు. "మీరంతా గుమికూడి నా గురించే చెప్పుకుంటున్నారు" అని అరిచేవాడు. మేలో కాకినాడ తీసుకెళ్ళి మానసిక వైద్యుడికి చూపించాం. 

"మీకు తెలిసి ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగారాయన. 

"ఏడు నెలలండి" అంది వదిన. 

ఆయన ఏమీ అనలేదు. కాగితం మీద ఆ మాట రాసుకున్నారు. అంతే. నాకు మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. ఇంతాచేసి మేం కాపాడదామనుకున్న ఆ సంబంధం లాంఛనాల దగ్గర బేరం కుదరక ఎప్పుడో తప్పిపోయింది!

లాకులు కట్టకముందే నీళ్ళొదిలితే

ఆ రోజు డాక్టరుగారు చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ మా ఊరి భాషలో చెబుతాను. మా దగ్గర లొల్ల లాకులున్నాయి. కాలవలో నీళ్ళెంత ఉరకలు వేసినా, లాకు ఉంది కాబట్టి ఎంత వదలాలో అంతే వదులుతారు. మన మెదడులోనూ అలాంటి ఏర్పాటే ఉంది. కోరిక, ఉత్సాహం, సరదా పుట్టే భాగాలు లోపల ఉంటాయి. 'ఆగు, రేపేమవుతుందో ఆలోచించు' అని చెప్పే భాగం నుదుటి వెనకాల ఉంటుంది. చిక్కేమిటంటే, ఈ రెండూ ఒకేసారి ఎదగవు. కోరికల భాగం పదమూడు, పద్నాలుగేళ్ళకే జోరందుకుంటుంది. నుదుటి వెనక భాగం పూర్తిగా తయారవడానికి ఇంచుమించు పాతికేళ్ళు పడుతుంది. అంటే కాలవకి నీళ్ళు వచ్చేశాయి, లాకు పని ఇంకా సాగుతోంది. పదహారేళ్ళ పిల్లాడు తెగించి ఏదైనా చేస్తే దానికి పొగరొక్కటే కారణం కాదన్నమాట.

మనకిష్టమైనది తిన్నా, ఎవరైనా మెచ్చుకున్నా మెదడులో డోపమైన్ అనే రసాయనం ఊరుతుంది. 'ఇది బాగుంది, మళ్ళీ చెయ్యి' అని గుర్తు పెట్టించేది అదే. గంజాయి, సారాయి, సిగరెట్టు దాన్ని మామూలుకన్నా ఎక్కువగా ఊరిస్తాయి. అదే పనిగా అలా జరిగితే మెదడు మొద్దుబారుతుంది. అమ్మ చేసిన పులస పులుసూ, క్రికెట్టూ, స్నేహితుల కబుర్లూ దేనికీ ఆ పిల్లాడికి హుషారు రాదు. 'మావాడికి దేని మీదా మనసు లేదండీ' అని తల్లులు చెప్పేది అక్షరాలా నిజం. 

పైగా ఈ వయసు మెదడు దేన్నైనా ఇట్టే నేర్చుకుంటుంది. ఎక్కాలూ పద్యాలూ వచ్చినంత తొందరగా వ్యసనమూ వచ్చేస్తుంది. గంజాయిలో ఉండే టీహెచ్‌సీ సంగతి మరీ దారుణం. మెదడు తన అల్లిక తాను సరిచేసుకోవడానికి వాడుకునే సహజ రసాయనాల కుర్చీలోనే అది వచ్చి కూర్చుంటుంది. జ్ఞాపకం, శ్రద్ధ తగ్గుతాయి. చిన్నవయసులో ఎక్కువగా తాగేవాళ్ళకి, అందులోనూ వంశంలో మానసిక జబ్బు ఉన్నవాళ్ళకి, లేనిపోని అనుమానాలూ భ్రమలూ కలిగే ప్రమాదం హెచ్చు. బాబీ అరుపులు అవే.

ఇందులోనే ఒక మంచి కబురు కూడా ఉంది. ఇంకా తయారవుతున్న మెదడు కాబట్టి బాగుపడే అవకాశమూ ఎక్కువే. గంజాయి మానిన పిల్లల్లో కొద్ది వారాల్లోనే కొత్త విషయాలు గుర్తుపెట్టుకునే శక్తి మెరుగవుతున్నట్టు పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి ఆ వయసులో పోగొట్టిన ఒక్కో నెలా బాగుపడే దారిని అంత దూరం చేస్తుంది. మేం ఏడు పోగొట్టాం.

తోటలు నరికితే సరిపోతుందా?

గంజాయి అనగానే మనకి పోలీసులే గుర్తొస్తారు. వాళ్ళ పని వాళ్ళు చేస్తూనే ఉన్నారు. విశాఖ ఏజెన్సీలో 2021 అక్టోబరు చివర మొదలైన 'ఆపరేషన్ పరివర్తన'లో ఏడువేల ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికించామని ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల సరుకు ఒకేచోట తగలబెట్టారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 'ఈగల్' అనే ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేసింది. అమ్మేవాళ్ళ గురించి చెప్పడానికి 1972 నంబరు ఇచ్చింది. ఏజెన్సీ ఎక్కడో ఉందిలే అనుకోవడానికి వీల్లేదు. అటునుంచి వచ్చే జాతీయ రహదారి మన రావులపాలెం మీదుగానే పోతోంది.

ఇదంతా సరుకు ఆపే పని. మరి అప్పటికే అలవాటు పడిన పిల్లాడి మాటేమిటి? ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు కేంద్ర ప్రభుత్వం కోసం దేశమంతా సర్వే చేసి 2019లో ఇచ్చిన నివేదికలో రెండు సంగతులు నన్ను ఆలోచనలో పడేశాయి. మాదకద్రవ్యాలకు బానిసలైనవారిలో ఇరవై మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మద్యం విషయంలో అయితే ముప్ఫై ఎనిమిది మందిలో ఒక్కరికి. ఇంకొకటి - జిగురులూ, వైట్నర్లూ వంటివి పీల్చే అలవాటు పెద్దవాళ్ళలోకన్నా పిల్లల్లోనే ఎక్కువ. పెద్దల్లో 0.58 శాతం ఉంటే, పిల్లల్లో 1.17 శాతం. పుస్తకాల దుకాణంలో దొరికే వస్తువు కదా, మనకి అనుమానమే రాదు.

ఇరవైలో పందొమ్మిది మంది ఎందుకు ఆగిపోతున్నారు? డాక్టర్లు తక్కువ, ఊళ్ళు దూరం - ఇవన్నీ నిజమే. కానీ మా విషయంలో కాకినాడ దూరం కాలేదు. మా ఇంటి గడపే దూరమైంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మగారూ, ఆవిడ తోటి ఆడవాళ్ళూ సారా కొట్టు మీదికి వెళ్ళిన కథ మా అమ్మ చెబితే విన్నాను. అక్షరాస్యత తరగతులకు వెళ్ళి చదువు నేర్చుకున్న కూలి తల్లులు వాళ్ళు. ఆ సెగ రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. నిషేధం 1997లో సడలిపోయింది, అది వేరే సంగతి. 'నా మొగుడు తాగి కొడుతున్నాడు' అని నలుగురిలో చెప్పడానికి ఆ ఆడవాళ్ళు సిగ్గుపడలేదు. ఆ చెప్పడంలోంచే ఉద్యమం పుట్టింది. మరి మనం 'నా కొడుకు గంజాయి తాగుతున్నాడు' అని డాక్టరు ముందు కూడా ఎందుకు చెప్పలేకపోతున్నాం? మొగుడు తాగితే వాడి తప్పు, కొడుకు చెడితే తల్లి పెంపకం తప్పు! ఈ లెక్క ఎవరు రాశారో తెలీదుగానీ, అందరం బట్టీపట్టేశాం. వదినని వాళ్ళ అత్తగారు ఇప్పటికీ ఆ మాటే అంటారు.

మళ్ళీ తిరగబెట్టింది

చికిత్స మొదలయ్యాక మొదటి రెండు వారాలు చాలా కష్టంగా గడిచాయి. నిద్రలేదు, తిండి లేదు, చిరాకు. అది మానేసినప్పుడు సహజంగా వచ్చేదేనని ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాం. గంజాయి వ్యసనానికి ప్రత్యేకంగా మాత్రంటూ లేదు. భ్రమలకు మందులిచ్చారు. అసలు వైద్యమంతా కౌన్సెలింగే. వాడితో వేరుగా, ఇంటిల్లిపాదితో కలిపీ మాట్లాడారు. తండ్రిని కూడా రమ్మన్నారు. కొడుకుతో మార్కుల గురించి కాకుండా పదినిమిషాలు మాట్లాడటం అన్నయ్యగారు యాభయ్యేళ్ళ వయసులో అక్కడే నేర్చుకున్నారు.

ఏడెనిమిది నెలలు బాగానే ఉన్నాడు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తానంటే సంతోషించి పంపాం. పాత స్నేహితులు కలిశారు. రాత్రి వాడి కళ్ళు చూసి వదిన కూలబడిపోయింది. "ఇంక వీడు నాకు లేడు" అంది. 

డాక్టరుగారు మాత్రం కంగారుపడలేదు. "టైఫాయిడ్ తిరగబెడితే పిల్లాణ్ణి తిడతారా అమ్మా?" అన్నారు. అమెరికాలోని జాతీయ మాదకద్రవ్య వ్యసన పరిశోధన సంస్థ లెక్క ప్రకారం చికిత్స పొందినవారిలో నూటికి నలభై నుంచి అరవై మందికి ఏదో ఒకప్పుడు తిరగబెడుతుందట. బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్ళ సంగతీ ఇంచుమించు అంతేనట. మెదడు ఆ అలవాటుని చోటుతో, మనుషులతో కలిపి గుర్తుపెట్టుకుంటుంది. పాత స్నేహితుడు ఎదురుపడితే చాలు, కోరిక లేస్తుంది. అందుకని ఈసారి ఎక్కడ, ఎవరితో, ఏం జరిగిందో వాడిచేతే రాయించారు. మర్నాడు వాడే నా దగ్గరకొచ్చి "అత్తా, నిజం చెప్పినందుకు అమ్మ తిట్టలేదు" అన్నాడు. మొదటిసారి పొట్లం దొరికినప్పుడు మేం అలా ఉండుంటే ఎంత బాగుండేది!

తల్లులు తెలుసుకోవలసినవి

మొదటిది, భయపడకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంవల్ల కలిగే స్థితిని కూడా మానసిక అనారోగ్యంగానే లెక్కిస్తుంది. రోగి వివరాలు గుట్టుగా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. కేసు భయం ఉన్నవాళ్ళకి మరో సంగతి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. తాగినందుకో, కొద్దిపాటి సరుకు దగ్గరున్నందుకో కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు, తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ ప్రభుత్వం గుర్తించిన సంస్థలోగానీ చికిత్సకు సిద్ధపడితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

రెండోది, ఎక్కడ పడితే అక్కడ చేర్చకండి. 'నెలరోజుల్లో మాన్పిస్తాం' అని బోర్డు పెట్టి కొట్టేవాళ్ళూ, కట్టేసేవాళ్ళూ ఉంటారు. గొలుసులతో బంధించడాన్ని అదే చట్టం నిషేధించింది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల్ని చేర్చుకుంటే, ఉన్నన్నాళ్ళూ ఇంటివాళ్ళెవరైనా తోడుండాలి. 'మీరు వెళ్ళిపోండి, మేం చూసుకుంటాం' అన్నారంటే అనుమానించండి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఊరు దాటే ముందు ఫోనులో మాట్లాడాలంటే వ్యసనాల గురించి 14446, మానసిక ఆరోగ్యం గురించి టెలీమానస్ 14416. రెంటికీ డబ్బు కట్టక్కర్లేదు.

మూడోది, వాడిని ఖాళీగా కూర్చోబెట్టకండి. చదువో, పనో, ఆటో ఏదో ఒకటి ఉండాలి. మొద్దుబారిన మెదడుకి మామూలు సంతోషాలు మళ్ళీ అలవాటు కావాలి కదా. వదిన వాడికి ఇంట్లో రేకులు చుట్టే పని అప్పజెప్పింది. మొదట్లో పది చుడితే ఏడు విరగ్గొట్టేవాడు.

బాబీ ఇంటర్ ఒక ఏడాది ఆలస్యంగా ప్యాసయ్యాడు. ఇప్పుడు ఇంటినుంచే బస్సులో డిగ్రీకి వెళ్తున్నాడు. పూర్తిగా గట్టెక్కాడని వదిన అనదు, నేనూ అనను. నెలనెలా కాకినాడ వెళ్ళొస్తూనే ఉన్నారు. వాడి అక్కకి మరో సంబంధం వచ్చినప్పుడు వదిన తమ్ముడి సంగతి ముందే చెప్పేసింది. పెళ్ళికొడుకు తల్లి కాసేపు మాట్లాడలేదట. తర్వాత నెమ్మదిగా, "ఆ డాక్టరుగారి నంబరు ఓసారి ఇస్తారా అండీ? మా మరిది కొడుకు..." అందట.

మన వీధుల్లో ఇలా అడగలేక ఆగిపోయిన తల్లులు ఇంకా ఎంతమంది ఉన్నారో! మనలో ఒకరు ముందు నోరు విప్పితే, రెండోవారికి అడగడం తేలికవుతుంది కదూ?