అగ్గిపెట్టె రెండు రూపాయలే. మరి మనకి తెలియనితనం ఎంతకి పడుతోంది?

"అగ్గిపెట్టె రెండు రూపాయలకి దొరుకుతుంటే గొట్టంతో నిప్పు పుట్టించడం ఎందుకయ్యా, పనీపాటా లేదా?" ఈ మాట ఈ వారంలో రచ్చబండ దగ్గర అన్నారు, ఎరువుల కొట్టు దగ్గర అన్నారు, మా ఇంట్లో కూడా అన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేదు కాబట్టి అందరికీ ఇక్కడే చెబుతున్నా. పొడుగు పోస్టే. కానీ ఆయిల్ ఇంజనో ట్రాక్టరో ఉన్న రైతు ఎవరైనా చివరిదాకా చదవండి. ఇది మీ జేబుకి సంబంధించిన విషయం.

ముందు ఆ గొట్టం ఏంటో చెబుతా. ఒక వైపు మూసేసిన సన్నటి గొట్టం, అందులో గాలి బయటికి పోకుండా బిగుతుగా దిగే కడ్డీ, కడ్డీ కొసన చిన్న గుంట. నూలుగుడ్డని ముందే బొగ్గులా చేసి ఉంచుకుని, ఆ ముక్క గుంటలో పెట్టి, కడ్డీని గొట్టం మూతిలో నిలబెట్టి అరచేత్తో ఒక్కటే దెబ్బ కొట్టాలి. వెంటనే లాగి చూస్తే గుడ్డ ముక్క ఎర్రగా రాజుకుని ఉంటుంది. ఫైర్ పిస్టన్ అంటారు దీన్ని.

ఇందులో మాయేమీ లేదు. సైకిల్‌కి గాలి కొట్టినవాళ్లే కదా అందరం. పది దెబ్బలు కొట్టాక పంపు అడుగున చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. గాలిని గబుక్కున నొక్కితే వేడెక్కుతుంది. ఇరవయ్యో వంతు జాగాలోకి ఒక్కసారిగా కుక్కితే నిప్పంటుకునేంత వేడెక్కుతుంది. అంతే సంగతి.

ఇప్పుడు నా గొడవ ఎవరితోనో చెబుతా.

మొదటిది, దీన్ని గారడీలా చూపించేవాళ్లతో. "అగ్గిపెట్టె లేకుండా నిప్పు! అద్భుతం! మన పూర్వీకుల రహస్యం!" అని వీడియోలు తిప్పుతున్నారు. ఇది మన పూర్వీకులది కాదండి. మన తాతలు వాడింది చెకుముకి రాయి, ఉక్కుముక్క, దూది. యజ్ఞాల్లో వాడింది అరణి, అంటే చెక్కతో చెక్కని మథించడం. ఈ గొట్టం మలయా, బర్మా, బోర్నియో, ఫిలిప్పీన్స్ వైపు పల్లెజనం వాడినది. వెదురుతో, కొమ్ముతో, గట్టి చెక్కతో చేసుకునేవాళ్లు. యూరప్ వాళ్లు 1800 తర్వాత వేరేగా కనిపెట్టి, 1807లో ఇంగ్లండ్‌లో పేటెంట్ కూడా తీసుకున్నారు. 1827లో గీసే అగ్గిపుల్ల అమ్మకానికి వచ్చాక అక్కడ దీని అవసరం తగ్గిపోయింది. లేని గొప్ప మనకి తగిలించుకోవడం ఎందుకు? బడి మొహం చూడని అడవి పల్లెల వాళ్లు చేసిన పనిని, ఇంటికో డిగ్రీ ఉన్న మనం కనీసం అర్థం చేసుకుంటే అదే గొప్ప.

రెండో గొడవ, నవ్వేవాళ్లతో. అసలు గొడవ ఇదే. అన్నా, నువ్వు నవ్వుతున్న ఆ గొట్టం నీ చేలో కాలవ గట్టు మీదే ఉంది. దాని పేరు డీజిల్ ఇంజన్.

పెట్రోల్ బండికి ప్లగ్గు ఉంటుంది, నిప్పురవ్వ వేస్తుంది. డీజిల్ ఇంజన్‌కి ఆ ప్లగ్గు ఉండదు. మరి నిప్పు ఎక్కడిది? పిస్టన్ పైకి వచ్చి గాలిని పదహారో వంతుకో ఇరవయ్యో వంతుకో నొక్కుతుంది. ఆ గాలి అయిదొందల డిగ్రీలు దాటుతుంది. రెండొందల పైచిలుకు డిగ్రీలకే అంటుకునే డీజిల్‌ని నాజిల్ అందులోకి చిమ్ముతుంది. భగ్గుమంటుంది. రుడాల్ఫ్ డీజిల్ మ్యూనిక్‌లో చదువుకునేటప్పుడు ఇలాంటి గొట్టం చూశాకే ఈ ఆలోచన తట్టిందని చెబుతారు. 1897 నాటికి ఆయన ఇంజన్ నడిచి చూపించింది. కథ ఎలా ఉన్నా సూత్రం ఒకటే.

"తెలిస్తే ఏంటి లాభం?" అంటారా? వినండి.

గొట్టంలో కడ్డీని నెమ్మదిగా నొక్కి చూడండి. నిప్పు రాదు. పుట్టిన వేడిని గొట్టం గోడ లాగేసుకుంటుంది. దెబ్బ వేగంగా పడాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే సెల్ఫ్ ఎంత కొట్టినా ట్రాక్టర్ అందుకోనిది ఇందుకే. ఆయిల్ ఇంజన్‌కి వాల్వు ఎత్తి పట్టే లివర్ పెట్టిందీ ఇందుకే. లివర్ ఎత్తి హ్యాండిల్ తిప్పితే గాలి ఎదురు ఉండదు, చక్రం వేగం అందుకుంటుంది. అప్పుడు లివర్ దించితే ఆ వేగంతో గాలి నొక్కుకుని అంటుకుంటుంది. మన నాన్నలు చేత్తో చేసిన పనే ఇది. కారణం మాత్రం మనకెవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు.

కడ్డీకి ఉన్న రబ్బరు రింగు కొంచెం కోసుకుపోయిందనుకోండి. ఎంత గట్టిగా కొట్టినా నిప్పు రాదు. గాలి పక్కనుంచి జారిపోతుంది. మీ ఇంజన్‌లో రింగులు అరిగితే జరిగేది అదే. డిసెంబర్ పొద్దున చల్లటి గొట్టంతో ఒకటికి మూడుసార్లు కొట్టాల్సి వస్తుంది. ఇంజన్ చలికి మొరాయించడమూ అంతే, చల్లటి ఇనుము వేడిని మింగేస్తుంది. కంప్రెషన్ బాగున్న ఇంజన్ కాస్త సతాయించినా అందుకుంటుంది. అరిగిన ఇంజన్‌కి గుడ్డకి డీజిల్ ముంచి అంటించి ఎయిర్ క్లీనర్ దగ్గర పట్టుకోవాల్సిందే. ఆ పని రోజూ చేస్తున్నారంటే జబ్బు లోపల ఉన్నట్టు.

మా ఊళ్లో ఒకాయన ఇంజన్ ఇలాగే మొరాయిస్తే టౌన్‌కి తీసుకెళ్లాడు. మొదట నాజిల్ మార్చారు. నెల తిరక్కుండా పంపు విప్పారు. మూడోసారి ఇంకెవరో చూసి, "రింగులు పోయాయి కదయ్యా" అన్నారు. మూడు బిల్లులు కట్టాడు, నారుమడికి నీళ్లు పెట్టాల్సిన రోజులు పోయాయి. మెకానిక్‌లందరూ దొంగలని నేననడం లేదు. మంచి పనివాళ్లు ఉన్నారు, వాళ్లు లేకపోతే మనకి గడవదు. కానీ "ఏమైందో చూడండి సార్" అని వెళ్లే రైతుకీ, "కంప్రెషన్ చూడండి, రింగుల అనుమానం ఉంది" అని వెళ్లే రైతుకీ బిల్లు ఒకేలా రాదు. ఇది మీకూ తెలుసు.

ఆ అనుమానం తీర్చుకోవడానికి పైసా అక్కర్లేదు. డీజిల్ కట్టేసి, లివర్ దించి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. ఒకచోట గట్టిగా ఎదురు తగలాలి, వదిలితే వెనక్కి తన్నాలి. తన్నకుండా మెత్తగా తిరిగిపోతే గాలి ఎక్కడో కారుతోంది. చెవి పెట్టండి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు. ఎయిర్ క్లీనర్ వైపు బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు. ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పున తంతే రింగులు, బోరు. కంప్రెషన్ బాగుండి కూడా అంటుకోకపోతే అప్పుడు డీజిల్ లైనులో గాలి పట్టిందా, ఫిల్టర్ మూసుకుందా, నాజిల్ చిమ్ముతోందా అని చూడాలి.

ఇంకో మాట. రింగులు ఊరికే అరగవు. దుమ్ములో దున్నుతూ ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిల్ మార్చకపోతే ఆ దుమ్మే బోరుకి ఆకురాయి అవుతుంది.

ఇక గొట్టం చేసుకోవాలనుకునేవాళ్లకి. లేత్ షాపులో అల్యూమినియం గానీ ఇత్తడి గానీ నాలుగంగుళాల కడ్డీ తీసుకుని, లోపల 8 నుంచి 10 మిల్లీమీటర్ల బెజ్జం మూడంగుళాల లోతు వేయించండి. అటువైపు బయటికి రాకూడదు. లోపల అద్దంలా నునుపుగా ఉండాలి. అందులో దిగే కడ్డీకి కొసన గాడి తీయించి ఓ-రింగ్ వేయండి. వాజలిన్ కొద్దిగా రాయండి. కడ్డీ పూర్తిగా దిగాక అడుగున వడ్లగింజ మందం ఖాళీ మాత్రమే మిగలాలి. గుడ్డకి, పాత నూలు పంచె ముక్కలు రేకు డబ్బాలో పెట్టి, మూతకి మేకుతో చిన్న బెజ్జం వేసి, పొయ్యి మీద పెట్టండి. పొగ ఆగాక దించి, పూర్తిగా చల్లారాకే మూత తీయండి. రాజుకున్న ముక్కని కొబ్బరి పీచులో పెట్టి ఊదితే మంట వస్తుంది.

జాగ్రత్తలు కూడా చెబుతున్నా, తేలిగ్గా తీసుకోవద్దు. గాజు గొట్టం వద్దు, ప్లంబింగ్ పీవీసీ పైపు వద్దు, పగిలితే కళ్లకి తగులుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. గొట్టంలో పెట్రోల్, డీజిల్, కర్పూరం చుక్క కూడా వేయొద్దు. గడ్డివాము దగ్గర, పశువుల పాకలో ఈ ఆటలు వద్దు. పిల్లలు చేస్తే పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతా. చదువుకునే పిల్లాడు డీజిల్ ఇంజన్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటాడు. ఇంటికొచ్చి నాన్న ఇంజన్ అందుకోకపోతే దూరంగా నిలబడి చూస్తాడు. ఆ బొమ్మా ఈ ఇంజనూ ఒకటేనని వాడికి తెలియదు. ఆ గొట్టం ఒక్కసారి వాడి అరచేతికింద నిప్పు పుట్టిస్తే ఇక మర్చిపోడు.

అగ్గిపెట్టె పద్నాలుగేళ్లు రూపాయి దగ్గరే ఉండి 2021 డిసెంబర్‌లో రెండు రూపాయలైతే అందరం గొణిగాం. తెలియక కట్టే రిపేరు బిల్లుల గురించి ఒక్కరూ గొణగరు. ఈ సెలవుల్లో మీ పిల్లల్ని లేత్ షాపుకి తీసుకెళ్లండి. ఈలోగా రేపు పొద్దున చేలోకి వెళ్లినప్పుడు డీజిల్ కట్టేసి చక్రం తిప్పి చూడండి. వెనక్కి తన్నిందో లేదో నాకు చెప్పండి.