చెరువు లెక్క చదివేదెవరు?

తుంగభద్ర జలాశయంలో ఎన్ని నీళ్లు పడతాయని అడిగితే మూడు జవాబులు వస్తాయి. 1953లో 132.47 టీఎంసీలు. 2008 సర్వేలో 100.855 టీఎంసీలు. 2016 సర్వేలో 105.788 టీఎంసీలు. మొదటి తేడాకు కారణం పూడిక, అది అందరికీ తెలిసిందే. చిక్కంతా రెండోదానితోనే. ఏటా మేట పడే జలాశయంలో ఎనిమిదేళ్లకు ఐదు టీఎంసీల చోటు దానంతటది పుట్టదు. తేడా కొలిచిన తీరులోనే ఉండాలి. ఎగువ కాలువ కింద అనంతపురం రైతుకు ఏ ఏడు ఎన్ని నీళ్లు దక్కుతాయన్నది ఇలాంటి లెక్కల మీదే ఆధారపడుతుంది. అందుకే కొలత ఎలా తీశారు, ఎన్నిచోట్ల తీశారు, ఎంతమేర తప్పే వీలుంది అన్న వివరాలన్నీ ఎవరైనా చదివి తరచి చూడగలిగే చోట అచ్చులో ఉండాలి.

నిజాంసాగర్ సంగతి చూడండి. కట్టేటప్పుడు ప్రతి వంద చదరపు కిలోమీటర్ల పరీవాహకం నుంచి ఏటా 0.29 హెక్టారు మీటర్ల పూడిక వస్తుందనుకున్నారు. తర్వాత కొలిస్తే ఆరు దాటింది, అంటే ఇరవై రెట్లకు పైగా. ఆ అంకె ఇవాళ ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకాల్లో ఉంది. భాక్రా, మైథాన్, పంచేట్ జలాశయాల లెక్కలూ దాని పక్కనే కనిపిస్తాయి. ఇవన్నీ బయటికొచ్చాకే పాత అంచనాలు పనికిరావని దేశానికి తెలిసింది. అవి ఫైళ్లలోనే ఉండిపోతే ప్రతి కొత్త ఆనకట్టకూ అదే పొరబాటు జరిగేది.

అచ్చయిన పరిశోధన ఒక సరస్సును ఎలా బతికిస్తుందో చెప్పడానికి అమెరికాలోని సియాటిల్ అనుభవాన్ని మించిన ఉదాహరణ లేదు. ఆ నగరాన్ని ఆనుకుని ఉన్న వాషింగ్టన్ సరస్సు చుట్టూ రెండో ప్రపంచయుద్ధం తర్వాత శివారు పట్నాలు పెరిగాయి. అవి మురుగును శుద్ధి చేసి సరస్సులోకి వదిలేవి. శుద్ధి చేసిన నీళ్లే కదా అన్న ధీమా ఉండేది. 1955లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డబ్ల్యూ.టి. ఎడ్మండ్‌సన్ బృందానికి ఆ నీళ్లలో ఆసిలటోరియా రుబెసెన్స్ అనే నాచు కనిపించింది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ సరస్సు పాడవుతున్న రోజుల్లో అక్కడ కనిపించినదీ ఇదే. జ్యూరిక్ కథను అంతకు చాలా ఏళ్ల ముందే అక్కడివాళ్లు రాసిపెట్టారు. దాంతో తన సరస్సు ఎటు పోతోందో ఎడ్మండ్‌సన్‌కు వెంటనే అర్థమైంది. ఆ మరుసటి ఏడాది ‘లిమ్నాలజీ అండ్ ఓషనోగ్రఫీ’ పత్రిక తొలి సంపుటిలోనే ఆయన బృందం తన పత్రాన్ని వెలువరించింది.

ఆయన అంతటితో సరిపెట్టుకోలేదు. నగర సమస్యల మీద పనిచేస్తున్న జేమ్స్ ఎల్లిస్ అనే లాయరుకు ఉత్తరం రాశారు. నాచు ఎందుకు పెరుగుతోంది, మురుగు ఇలాగే వస్తే ఏమవుతుంది, ఆపితే సరస్సు కోలుకుంటుందా అన్నవి మామూలు మనిషికి అర్థమయ్యేలా వివరించారు. సరస్సు చుట్టూ ఉన్న ఊళ్లన్నిటికీ కలిపి ఒకే మురుగు వ్యవస్థ పెట్టాలన్న ప్రతిపాదన 1958 మార్చిలో ఓటింగులో వీగిపోయింది. మళ్లీ అడిగితే సెప్టెంబరులో నెగ్గింది. 1963 నుంచి 1968 దాకా మురుగును దశలవారీగా సరస్సు నుంచి మళ్లించారు.

నీళ్లు బాగుపడ్డాయో లేదో చూడటానికి వాడే సాధనాల్లో సెకీ డిస్క్ ఒకటి. ఇరవై సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న పళ్లేన్ని తాడుకు కట్టి నీళ్లలోకి దించుతారు. కంటికి కనబడకుండా పోయిన చోట తాడు మీద లోతు చూసి రాసుకుంటారు. 1960ల తొలినాళ్ల వేసవుల్లో వాషింగ్టన్ సరస్సులో అది ఇంచుమించు మీటరు లోతుకే మాయమయ్యేది. 1970ల చివరికి వేసవిలోనే ఆరేడు మీటర్ల దాకా కనిపించసాగింది. మురుగు ఆగితే నీళ్లు తేటపడతాయని ఎడ్మండ్‌సన్ ముందే చెప్పారు, అలాగే జరిగింది. అయితే 1976లో ఎవరూ ఊహించనంతగా మరింత తేటపడ్డాయి. నాచును తినే డాఫ్నియా అనే చిన్న నీటి జీవులు సరస్సు నిండా పెరగడమే అందుకు కారణం. ఏళ్ల తరబడి తీసిన కొలతలు చేతిలో ఉండబట్టే ఈ రెండు మార్పులనూ విడదీసి చూడగలిగారు. మధ్యలో నిధులు ఆగి కొలతలు మానేసి ఉంటే, మొత్తం ఘనత మురుగు మళ్లింపుకే దక్కేది.

ఆ రోజుల్లోనే, మురుగుతో, డిటర్జెంట్లతో నీళ్లలో చేరే ఫాస్ఫరస్ నాచుకు కారణం కాదని, కార్బనేనని డిటర్జెంట్ పరిశ్రమ వైపు నుంచి గట్టిగా వాదించేవారు. కెనడాలోని ఒంటారియోలో డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో 226వ నంబరు సరస్సును ప్లాస్టిక్ తెరతో రెండు సగాలు చేసింది. ఒక సగంలో కార్బన్, నైట్రోజన్ వేశారు. రెండో సగంలో వాటికి ఫాస్ఫరస్ కలిపారు. రెండో సగం పచ్చబడింది, మొదటిది మామూలుగానే ఉంది. విమానం నుంచి తీసిన ఆ ఫొటో 1974లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది.

మనవాళ్లు కొలవలేదనుకుంటే పొరబాటే. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎ.ఆర్. జాఫర్ 1964లో హైదరాబాద్ చేపల కుంటల నాచు మీద, 1966లో హుస్సేన్‌సాగర్ మీద పత్రాలు వెలువరించారు. 1969లో వి. వెంకటేశ్వర్లు మూసీ నాచుకూ కాలుష్యానికీ ఉన్న సంబంధం రాశారు. 1970లో ఎం. మునవర్ హైదరాబాద్ కుంటల్లో కలుషితమైనవాటినీ కానివాటినీ పోల్చి చూపారు. ఆ మునవరే తర్వాత కెనడా వెళ్లి గ్రేట్ లేక్స్ మీద దశాబ్దాలు పనిచేశారు. మన కుంటల దగ్గర నేర్చుకున్న విద్య అక్కడి సరస్సులకు ఉపయోగపడింది. మన చెరువులకు మాత్రం అది అందలేదు. ఆ పత్రాల్లో చాలావరకు అప్పట్లో నెదర్లాండ్స్ నుంచి వెలువడే ‘హైడ్రోబయాలజియా’లో వచ్చాయి. ఇంగ్లీషు తెలిసినా, పత్రిక తెప్పించుకునే లైబ్రరీ లేనివాడికి అవి అందవు. సియాటిల్‌లో ఎడ్మండ్‌సన్ రాసిన ఉత్తరం లాంటిది ఇక్కడ అప్పుడే నగర పాలకుల చేతికి, పత్రికలకు చేరి ఉంటే, హుస్సేన్‌సాగర్‌లోకి మురుగు మోసే కూకట్‌పల్లి నాలా కథ వేరుగా నడిచేదని నా నమ్మకం.

కాలుష్య నియంత్రణ మండలి చెరువుల కొలతలు బయటపెడుతోంది, అది మంచి పని. కానీ దేశమంతా నీటిని ఏ, బీ, సీ తరగతులుగా విడదీసే కొలమానంలో కరిగిన ఆక్సిజన్, బీఓడీ (సేంద్రియ మలినాలు కుళ్లడానికి పట్టే ఆక్సిజన్), కోలిఫాం బ్యాక్టీరియా లాంటివే ఉన్నాయి. ఫాస్ఫరస్ లేదు, నీళ్ల తేటదనమూ లేదు. షిండ్లర్ ఫొటో వచ్చి అర్ధశతాబ్దం దాటింది. చెరువు ఎందుకు పచ్చబడుతుందో చెప్పే అంకెను కొలమానంలోనే చేర్చకపోతే శుద్ధి కేంద్రాలకు పోసిన కోట్లు ఫలించాయో లేదో ఎలా తేలుతుంది?

తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ జాబితాలో 46 వేలకు పైగా చెరువులున్నాయి. ఒక్కో చెరువుకు పూడిక తీయక ముందు లోతు, తీశాక లోతు, తర్వాతి వానాకాలాల్లో నిలిచిన నీళ్లు, కింది బావుల మట్టం వరుసగా రాసి బయటపెడితే చెరువుల శాస్త్రానికి అది చాలా పెద్ద లెక్క అవుతుంది. అందులో ఫలితం రానివీ ఉంటాయి. వాటినీ దాచకూడదు. పరిశోధన పత్రికలకూ ప్రభుత్వాలకూ గెలిచిన కథలే ఇష్టం. ఓడిన పని లెక్క అచ్చు కాకపోతే అదే పని పక్క జిల్లాలో మళ్లీ చేస్తారు, మళ్లీ డబ్బు పోస్తారు.

చెరువు బాగుచేతకు పిలిచే ప్రతి టెండరులో ఒక షరతు చేర్చడం కష్టమేమీ కాదు. పనికి ఏడాది ముందు నుంచి, ముగిసిన రెండేళ్ల దాకా ఫాస్ఫరస్, తేటదనం, లోతు నెలనెలా కొలవాలి. ఆ కొలతలను తెలుగులో పంచాయతీ గోడ మీద, ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాలి. చివరి విడత బిల్లు ఆ తర్వాతే చెల్లించాలి.