గడియారం ఎవరి మాట వింటుంది?

కాలం సూర్యునిది, గడియారం మాత్రం ప్రభుత్వానిది. ఈ భేదాన్ని గుర్తించనిదే కంప్యూటరుకు కాలగణన నేర్పడం సాధ్యం కాదని మా అభిప్రాయం.

మన గడియారం గ్రీనిచ్ కాలం కంటె అయిదున్నర గంటలు ముందు నడుస్తుంది. ఋతువును బట్టి దానిని జరిపే ఆచారం మనకు లేదు. అందుచేత ప్రోగ్రాము వ్రాసే విద్యార్థులు అయిదున్నర కూడితే చాలుననుకొంటారు. ఈ సూత్రం మన దేశానికే అన్ని వేళలా చెల్లదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వరకు, మన గడియారాలు ఆరున్నర గంటలు ముందు నడిచాయి.

ఇతర దేశాల సంగతి మరింత జటిలం. న్యూయార్కులో ఉదయం 9 గంటలకు ఏర్పాటైన ఇంటర్వ్యూ అక్కడి వేసవిలో మనకు సాయంత్రం 6.30 గంటలకు, శీతకాలంలో 7.30 గంటలకు వస్తుంది. ఈ గంట తేడాతో ఒక నిరుపేద విద్యార్థి ఉద్యోగమే చేజారవచ్చు. మొరాకో 2018లో గంట ముందు కాలాన్ని ఏడాది పొడవునా స్థిరపరచుకొని, రంజాన్ మాసానికి మాత్రం మినహాయింపునిచ్చింది. రంజాన్ చాంద్రమానాన్ని అనుసరించి ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక, ఆదివారాల లెక్క అక్కడ పనికిరాదు.

అన్ని సమయాలనూ యు.టి.సి. అనే అంతర్జాతీయ కాలంలోకి మార్చి ఉంచితే చాలునని కొందరు వాదిస్తారు. జరిగిపోయిన సంఘటనలకు అది సరియైన మార్గమే. జరగబోయే వాటికి అది చాలదు. 2023 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం, రంజాన్ దృష్ట్యా వేసవి కాలమానాన్ని వాయిదా వేస్తున్నట్లు కొద్ది రోజుల ముందు మాత్రమే ప్రకటించింది. చర్చి వర్గాలు, కొన్ని సంస్థలు అంగీకరించలేదు. ఒకే దేశంలో రెండు కాలాలు నడిచాయి. కొద్ది రోజులకే ఆ నిర్ణయం రద్దయింది. బేరూతులో 9 గంటల సమావేశాన్ని ముందే యు.టి.సి.లోకి మార్చి ఉంచిన ప్రోగ్రాము, ఆ వాయిదా రోజులలో ఎనిమిదింటికే జనాన్ని పిలిచి ఉండేది.

కనుక భావి కార్యక్రమానికి స్థానిక సమయాన్నీ, ఆసియా/కోల్‌కతా, ఆసియా/బేరూత్ వంటి ప్రదేశ నామాన్నీ కలిపి భద్రపరచాలి. గంటల తేడాను ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ ప్రారంభించిన కాలమండల పట్టిక నుండి అప్పటికప్పుడు గ్రహించాలి. ప్రభుత్వాలు మనసు మార్చుకొన్నప్పుడల్లా ఆ పట్టిక సవరింపబడుతుంది. మన యంత్రాలలోని ప్రతినీ సవరించుకోవాలి.

ఈ పాఠానికి ప్రాక్టికల్ పరీక్షలో చోటు కల్పించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి. విద్యార్థులు గ్రహించవలసినది ఒక్కటే: గణితం మారదు, మానవుల నిర్ణయాలు మారుతాయి. మారేదానిని మారనిదిగా వ్రాయడమే దోషం.